తెల్లబోయిన ముఖం: ఒక నవలాప్రతి ఆత్మకథ

ఆత్మకథను ఉత్తమపురుషలో చెప్పడమే సంప్రదాయమైనా, అచ్చుపుస్తకానికి ఆ అధికారం ఉందో లేదో తేల్చడం కష్టం. ఎందుకంటే దాని లోపలి మాటలు రచయితవి, అట్టమీది బొమ్మ ప్రచురణకర్తది, మొదటి పుటమీది ముద్ర గ్రంథాలయానిది, అంచులలోని పెన్సిలు గీతలు ఊరూపేరూ తెలియని పాఠకులవి. అందువల్ల అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లెగ్విన్ (1929-2018) రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' నవలకు చెందిన ఈ ప్రతి తన వృత్తాంతాన్ని ప్రథమపురుషలోనే విన్నవించుకొంటున్నది. తాము ప్రేమించిన పుస్తకం తెరకెక్కుతున్నదని వినగానే అభిమానులు సంతోషించవలసింది పోయి ఎందుకు కలవరపడతారో, ఆ కలవరానికి కారణం తెరకంటె ముందే అట్టమీద ఎలా పుట్టిందో ఈ వృత్తాంతం తెలుపుతుంది.

ఈ నవల 1968లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం నుండి, పర్నాసస్ ప్రెస్ ప్రచురణగా, రూత్ రాబిన్స్ చిత్రాలతో వెలువడింది. ఈ ప్రతి ఆ తొలి ముద్రణలో పుట్టిన గొప్పింటి బిడ్డ కాదు. తరువాతి దశాబ్దంలో చౌక కాగితంమీద అచ్చయి, వీపున జిగురు పూసుకొని, మెత్తని అట్ట తొడుక్కొని వచ్చిన అనేక ప్రతులలో ఒకటి. దాని పుట్టుకలో చెప్పుకోదగిన విశేషం ఒక్కటే, అదీ లోపమే: కథానాయకుడైన గెడ్ ఎరుపు కలిసిన గోధుమఛాయ గలవాడని లోపలి పుటలు చెబుతూ ఉండగా, అట్టమీద పాలిపోయిన తెల్లని కుర్రవాడి బొమ్మ పడింది. ఎర్త్‌సీ అనేది లెగ్విన్ కల్పించిన ద్వీపసమూహం. అక్కడి జనంలో అధికులు గోధుమ, రాగి, నలుపు ఛాయలవారు కాగా, తెల్లనివారు కార్గ్ జాతీయులు మాత్రమే. మాంత్రికుల కథ అనగానే ఉత్తర ఐరోపా ముఖాలనే ఊహించుకొనే అలవాటును ఆమె బుద్ధిపూర్వకంగా తలకిందులు చేసినా, ముఖచిత్రాలు వేయించిన పలువురు ఆ సంగతిని పట్టించుకోలేదు. ఆ విషయమై ఆమె ఏళ్ల తరబడి వాదించవలసి వచ్చింది. కడుపులో నిజం, ముఖాన అబద్ధం మోయడం ఈ ప్రతికి పుట్టుకతో వచ్చిన బరువు.

ఈ కథకు ఆయువుపట్టు పేరు. ఎర్త్‌సీలో ప్రతి ప్రాణికీ ప్రతి వస్తువుకూ ప్రాచీనభాషలో ఒక నిజనామం ఉంటుంది. దానిని తెలుసుకొన్నవారికి ఆ ప్రాణిమీద, ఆ వస్తువుమీద అధికారం వస్తుంది గనుక, జనం దానిని దాచుకొని వాడుకపేరుతో చలామణీ అవుతారు. జాతకంలో రాసే పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు మరొకటిగా పెరిగిన తెలుగు పాఠకులకు ఈ ఏర్పాటు వింతగా తోచదు. గాంట్ దీవిలో పుట్టిన బాలుడికి ఒజియన్ అనే గురువు ఇచ్చిన నిజనామం గెడ్. లోకానికి తెలిసిన పేరు స్పారోహాక్, అంటే ఒక జాతి డేగ. గర్వంతో తానే లోకంమీదికి వదిలిన నీడను అతడు చివరకు కత్తితో నరకడు. దానిని తన పేరుతోనే పిలిచి తనలో కలుపుకొంటాడు.

అమెరికాలోని ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో గడిపిన కాలమే ఈ ప్రతికి సువర్ణయుగం. లోపలి అట్టకు అంటించిన తేదీచీటీ ముద్రలతో నిండితే దానిమీద మరొకటి, దానిమీద ఇంకొకటి అంటించారు. ఒక వస్తువు తన సేవకు ఇంతకంటె ఘనమైన యోగ్యతాపత్రం కోరుకోదు. అయితే ఆ గర్వాన్ని ఎప్పుడూ పొడుస్తూ ఉండే ముల్లు ఒకటుంది. కథ మొత్తం చదివిన ఒక పిల్లవాడు చివరి ఖాళీ పుటలో రంగుపెన్సిళ్లతో గెడ్ బొమ్మ వేసి, ముఖం తెల్లగా వదిలి, జుట్టుకు పసుపు పూశాడు. లోపలి పంక్తులు చెప్పిన దానికంటె అట్టమీద ఒక్క బొమ్మ చెప్పినదే ఆ మనసులో నిలిచిందన్నమాట.

అట్టమీద మొదలైన ఈ తంతు తరువాత అనుసరణ పేరుతో తెరమీదికీ పాకింది. అనుసరణ అంటే ఒక మాధ్యమంలోని కృతిని మరొక మాధ్యమానికి తగినట్లు మార్చి చెప్పడం. ఇందుకోసం నిర్మాతలు రచయిత నుండి హక్కులు కొంటారు. 2001-2003 నడుమ 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' చిత్రాలు ఘనవిజయం పొందిన తరువాత మాంత్రికుల కథలకు గిరాకీ పెరిగింది. ఎర్త్‌సీ నవలావళిలో మొదటి రెండింటిని కలిపి తీసిన మినీ సిరీస్, అంటే కొద్ది భాగాలలోనే ముగిసే టెలివిజన్ కథ, 2004 డిసెంబరులో అమెరికాలోని సై ఫై చానెల్‌లో ప్రసారమయింది. అందులో గెడ్ పాత్రను తెల్లని నటుడు షాన్ ఆష్‌మోర్ ధరించగా, ఒజియన్‌గా వేసిన డానీ గ్లోవర్ వంటి కొద్దిమంది తప్ప తక్కిన ప్రధాన పాత్రలన్నీ తెల్లబడ్డాయి. అంతకంటె విడ్డూరంగా, నిజనామం, వాడుకపేరు తారుమారయ్యాయి. ఒప్పందంలో లెగ్విన్‌కు సలహాదారు హోదా ఉన్నా, దాని విలువ నామమాత్రమేనని ఆమె 'స్లేట్' పత్రికలో అదే నెలలో రాసిన వ్యాసంలో తెలిపారు. కథకు ప్రాణం పేరులో ఉండగా, హక్కులు కొన్నవారు ఆ పేరును మాత్రమే పట్టుకుపోయి ప్రాణాన్ని వదిలివేశారని పాఠకులు బాధపడటంలో అన్యాయం లేదు.

అనుసరణలన్నీ అనాదరంతోనే పుడతాయనడం మాత్రం సత్యం కాదు. జపాన్ దర్శకుడు హయావో మియజాకీ ఎర్త్‌సీని చిత్రంగా తీస్తానని చాలా ఏళ్ల కిందటే అడిగినప్పుడు, ఆయన పని తెలియని లెగ్విన్ నిరాకరించారు. తరువాత 'మై నైబర్ టోటోరో' చూసి మనసు మార్చుకొన్నారు. తీరా ఆ చిత్రాన్ని 2006లో స్టూడియో ఘిబ్లీ తరఫున తీసినవాడు ఆయన కుమారుడు గోరో మియజాకీ. పొలం దున్నడం, నీళ్లు మోయడం, పశువులను కొట్టంలో కట్టడం వంటి నిదానమైన దృశ్యాలను ఆమె మెచ్చుకొన్నారు గాని, చెడునంతటినీ ఒక్క దుష్టుడిలో కుప్పపోసి వాడిని చంపడంతో చిక్కు తీరిందనిపించడాన్ని ఒప్పుకోలేదు. అది తన పుస్తకం కాదని, దర్శకుడి చిత్రమని మర్యాదగా తేల్చారు. ప్రేమ ఉన్నచోట కూడా మూలం జారిపోగలదని తెలియడంతో అభిమానుల భయం మరింత సూక్ష్మమయింది.

చిత్రం ఎంత చెడినా పుస్తకంలో ఒక్క అక్షరం కూడా మారదు కదా అని ఓదార్చేవారున్నారు. ఆ ఓదార్పు సగమే నిజమని రంగుపెన్సిళ్ల బొమ్మను మోస్తున్న ఈ ప్రతికి తెలుసు: అక్షరం మారదు, కాని బొమ్మను ముందు చూసి అక్షరానికి తరువాత వచ్చినవారి చూపు మారుతుంది. పాత పాఠకులు దిగులుపడేది తమ కోసం కాదు, ఇంకా చదవనివారి కోసం.

2018లో, లెగ్విన్ మరణించిన కొద్ది నెలలకు, చిత్రకారుడు చార్లెస్ వెస్ ఆమెతో ఏళ్లపాటు సంప్రదించి వేసిన బొమ్మలతో ఎర్త్‌సీ కథలన్నీ ఒకే సంపుటంగా వచ్చాయి. అందులో గెడ్‌కు ఎట్టకేలకు అతని రంగు దక్కింది. ఆ సంపుటం అరలోకి రాగానే ఈ ప్రతికి కాలం చెల్లింది. పాతబడిన పుస్తకాలను అరల నుండి తీసివేయడాన్ని గ్రంథాలయ పరిభాషలో కలుపుతీత అంటారు. నలభై ఏళ్లు పంటగా లెక్కకువచ్చినది ఒక్క ముద్రతో కలుపుమొక్క అయింది. నాణేల ధరకు కొన్న ఆసామి మూడో ప్రకరణంలో పుట మడిచి, ఆ మడత విప్పకుండానే, కుదురులేని టెలివిజన్ బల్ల కాలి కింద ఈ ప్రతిని దూర్చాడు. తెర వెలుగుతున్న ప్రతి రాత్రీ తెర బరువు కింద నలగడం ఒక నవలకు పట్టగల దశలలో కెల్లా విచిత్రమైనది. బల్లతోపాటు ఇల్లు మారినప్పుడు అది చెత్తలోకి, చెత్త నుండి తూకానికి అమ్మే పాత పుస్తకాల మూటలోకి, మూటతో ఓడలోకి చేరింది. నెలల తరబడి చీకట్లో, చెమ్మలో, వంటల పుస్తకాల కింద పడి ఉండగా వీపుజిగురు ఎండి పగిలింది.

హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం నాడు మూసిన దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల వరుసలో ప్రస్తుతం ఈ ప్రతి ఉంది. మూట విప్పేటప్పుడు ముందట్ట ఊడి గాలికి కొట్టుకుపోయింది. దానితోపాటే ఆ తెల్లని కుర్రవాడూ పోయాడు. ఇప్పుడు దీనిని చేతికి తీసుకొన్నవారికి గెడ్ రంగు తెలియాలంటే చదవడం తప్ప మరో దారి లేదు. అట్ట లేనందువల్ల అమ్మేవాడు ధర సగానికి తగ్గించాడు. లోపలి పుటలు మాత్రం ఒక్కటీ పోలేదు.