టోక్యోలో గజం ఎంత?

షాద్‌నగర్ చుట్టుపక్కల చేను కనబడితే హద్దురాళ్లు పాతడం, చౌరస్తా కనబడితే ఫ్లెక్సీ కట్టడం ఇప్పుడు ఆనవాయితీ. అలాంటి ప్లాట్ల సారొకాయన మంచి సీజన్ తగిలి, ఇంటామెను వెంటబెట్టుకుని టోక్యో పోయాడట. ఊరు చూడ్డానికి ఉన్నది ఒక్కటే రోజు.

షిబుయా కూడలిలో ఒక్క సిగ్నల్‌కే వేలమంది రోడ్డు దాటుతుంటే ఆమె వీడియో తీసింది. సారు గైడును పక్కకు పిలిచి, "ఈడ గజం ఎట్ల నడుస్తుంది?" అని ఆరా తీశాడు. అక్కడి లెక్క త్సుబోల్లో. ఒక త్సుబో అంటే దగ్గర దగ్గర మన నాలుగు గజాలు. సారు వెంటనే ఫోన్లో లెక్కలు మొదలుపెట్టాడు.

పక్కనే హచికో కుక్క విగ్రహం. 1925లో చనిపోయిన యజమాని కోసం తొమ్మిదేళ్లకు పైగా ఆ స్టేషన్ దగ్గరే ఎదురుచూసింది. 1934లో, అది బతికుండగానే విగ్రహం పెట్టారు. ఆమె నిదానంగా అంది: "మీ వెంచర్ల ముప్పై ఫీట్ల రోడ్డు కోసం జనం గంతకన్న ఎక్కువ ఏండ్ల సంది చూస్తున్రు. ఆళ్లకెన్నడు పెడ్తరు విగ్రహం?"

సారుకు వినబడలేదు.

సాయంత్రం చక్రవర్తి కోట కందకం దగ్గర గైడు అసలు కథ ఎత్తుకున్నాడు. 1980ల చివర్లో ఈ ఒక్క కోట జాగా ధర కాలిఫోర్నియా మొత్తం కన్నా ఎక్కువని చెప్పుకునేవారట. సారు కళ్లు మెరిశాయి, నాలుగు సెల్ఫీలు దిగాడు. ఆ బుడగ పగిలి పదేళ్లకు పైగా భూముల ధరలు దిగుతూనే పోయాయని గైడు చెప్పేసరికి, సారు ఫోన్లో ఉన్నాడు: "అన్నా, రెండేండ్లల డబుల్ అయితది. ఇయ్యాల్నే అడ్వాన్స్ కొట్టు!"