గడ్డికి ఏడ్చేవాళ్లేరీ?

చెట్టు కొడితే పేపర్లో ఫోటో వస్తుంది. గడ్డినేల దున్నేస్తే ఎవడూ నోరెత్తడు. పైగా బీడు బాగుచేశాడని శాలువా కప్పుతారు. మా నందికొట్కూరు దిక్కున చూస్తూ వచ్చిన తంతే ఇది. ముసలాడి సణుగుడు కాస్త ఓర్చుకోండి.

మా రోజుల్లో రోళ్లపాడు చుట్టూ ఎటు చూసినా మోకాలెత్తు గడ్డి. వానాకాలం పచ్చగా ఉండి, సంక్రాంతికల్లా పండిపోయేది. బోదగడ్డి కోసుకొచ్చి కొట్టాలు కప్పుకునేవాళ్లం. గొర్రెల కాపర్లు పగలంతా అక్కడ మేపి, రాత్రికి మన చేలో మంద కట్టారంటే ఎరువు కొనే పని లేదు. గొర్రె మేసినా, నిప్పంటుకున్నా గడ్డికేం కాదు. దాని ప్రాణమంతా వేళ్లలో, నేలనంటిన దుబ్బులో ఉంటుంది. తొలకరి పడితే మళ్లీ లేస్తుంది. నాగలి దిగితే మాత్రం లేవదు.

ఆ గడ్డిలోనే బట్టమేక పిట్ట బతికేది. మగదైతే 15 కిలోల దాకా తూగుతుంది. వానలు పడ్డాక కాస్త ఎత్తు చూసుకుని నిలబడేది. మెడ కింద తెల్లటి సంచిని గాలితో నింపి కాళ్లదాకా వేలాడదీసి, తోక వీపు మీదికి విరిచి, గుమ్మని మూలిగేది. ఆ మూలుగు చానా దూరం వినిపించేది. ఆడదానికి గూడు కట్టుకునే యావే లేదు. వట్టి నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అక్కడ ట్రాక్టరు తిరిగితే ఇంకేముంది?

1988లో రోళ్లపాడును అభయారణ్యం అన్నారు. సంతోషమే. కానీ ఎంతట? ఆరు చదరపు కిలోమీటర్ల పైచిల్లర. కంచె దాటొద్దని పిట్టకు ఎవరు చెప్పాలి? మిడతల కోసం కొర్ర చేలల్లోకి, జొన్న చేలల్లోకి వచ్చేది. సాగునీళ్లొచ్చాక ఆ చేలే పత్తి, మిరప అయ్యాయి. మందు కొట్టీ కొట్టీ మిడతలు లేకుండా పోయాయి. ఆపైన కరెంటు తీగలు. ఆ పిట్ట కళ్లు పక్కలకుంటాయి, ఎదుటి తీగ సరిగా ఆనదు. ఆనినా ఆ బరువుతో చటుక్కున తిరగలేదు. ఇప్పుడు దేశం మొత్తమ్మీద 150కి అటూ ఇటూ ఉంటాయంటారు, దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. మా దగ్గర కనబడక ఏళ్లయింది. కృష్ణజింకలున్నాయి గానీ, చేలు మేస్తున్నాయని రైతులు తిట్టిపోస్తారు. గడ్డి మిగల్చకపోతే జింక ఏం తినాలి, గుళ్లో ప్రసాదమా?

2017కల్లా ఓర్వకల్లు, గడివేముల వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. కరెంటు వద్దని నేననను, నా ఇంట్లోనూ ఫ్యాను తిరుగుతోంది. కాకపోతే అలాంటివాటికి మేత బీళ్లే ఎందుకు కనబడతాయో అడగాలి కదా.

అన్నిటికంటే నాకు మంట పుట్టించేది మొక్కల పండుగ. ఖాళీ కనబడితే చాలు, గుంత తీసి నీలగిరి పాతేస్తారు. కర్ణాటకలో రాణెబెన్నూరు జింకల అభయారణ్యంలోనూ నీలగిరి తోటలు పెంచారు. అక్కడా బట్టమేక కనుమరుగైంది. నీడ కమ్మితే ఎండకు పెరిగే గడ్డి చస్తుంది, గడ్డి పోతే దాన్ని నమ్ముకున్నవన్నీ పోతాయి. అడవి నరకడం పాపమైతే, గడ్డినేల మీద తోట పెట్టడమూ పాపమే నా లెక్కన.

మొక్కలు నాటే పుణ్యాత్ములారా, చెరువు గట్లున్నాయి, రోడ్ల పక్కలున్నాయి, మీ కాలనీలున్నాయి. అక్కడ నాటుకోండి. గడ్డినేలను మాత్రం గడ్డికే వదిలేయండి.