ట్రంక్ పోర్టు గురించి తప్పుడు చిట్కాలు

స్విచ్‌లు బిగించేవాళ్ల నోట కొన్ని చిట్కాలు తిరుగుతుంటాయి. అమీర్‌పేటలో కోర్సు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు వాటినే నమ్ముకుంటారు. ఆ నమ్మకం ఆఫీసు మొత్తాన్ని ఆపేయగలదు, అందుకే ఇది రాస్తున్నాను.

"వీల్యాన్‌కో కేబుల్ లాగెయ్, గొడవుండదు." అకౌంట్స్, సీసీటీవీ, ఫోన్లు, అతిథుల వైఫై అని నాలుగు వీల్యాన్లుంటే రెండు స్విచ్‌ల్లోనూ నాలుగేసి పోర్టులు పోయినట్టే. అన్ని వీల్యాన్లనూ మోసే ఒక్క ట్రంక్ చాలు. 1998 నాటి ఐఈఈఈ 802.1క్యూ ప్రమాణం ఉన్నది ఇందుకే. ట్రంక్ మీదికి వెళ్లే ఫ్రేమ్‌లో, పంపినవారి మ్యాక్ అడ్రస్ తర్వాత, స్విచ్ 4 బైట్ల ట్యాగ్ చేరుస్తుంది. అందులో 12 బిట్లు వీల్యాన్ నంబరుకు. 0, 4095 పోగా 4094 నంబర్లు మనకు మిగులుతాయి. అవతలి స్విచ్ ఆ నంబరు చూసి, యాక్సెస్ పోర్టుకు పంపేముందు ట్యాగ్ తీసేస్తుంది. కంప్యూటర్‌కు ఈ సంగతే తెలియదు.

"నేటివ్ వీల్యాన్‌ను ముట్టుకోకు." నేటివ్ వీల్యాన్ ఫ్రేమ్‌కు మాత్రం ట్రంక్ మీద ట్యాగ్ ఉండదు; ట్యాగ్ లేకుండా వచ్చిన ఫ్రేమ్‌ను అవతలి కొస తన నేటివ్ వీల్యాన్‌కింద జమకడుతుంది. సిస్కో స్విచ్‌లో అది మొదట్నుంచీ 1. ఒక కొసన 1, రెండో కొసన 99 ఉంటే, 1లో బయల్దేరిన ఫ్రేమ్ 99లో తేలుతుంది. యూజర్లు కూడా 1లోనే ఉంటే ఇంకా ప్రమాదం: వాళ్లలో ఎవరైనా రెండు ట్యాగులు తగిలించిన ఫ్రేమ్ పంపితే మొదటి స్విచ్ పైదాన్ని ఒలిచేస్తుంది, రెండో స్విచ్ లోపలిదాన్ని నమ్మి వేరే వీల్యాన్‌లోకి రానిస్తుంది. ఎవరూ వాడని నంబరునే రెండు కొసలా నేటివ్‌గా పెట్టండి.

"పోర్టులు ఆటోలో వదిలెయ్, అవే తేల్చుకుంటాయి." రెండు పక్కలా డైనమిక్ ఆటో ఉంటే ట్రంక్ ఏర్పడనే ఏర్పడదు. మోడ్ మీరే రాయండి.

అన్నిటికన్నా చెడ్డది ఇది: "కొత్త వీల్యాన్ 30 వచ్చిందా? స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30 అని కొట్టు, అయిపోతుంది." నిజంగానే అయిపోతుంది. ఆ కమాండ్ పాత జాబితాకు 30ని కలపదు, పాత జాబితానే చెరిపేసి 30 ఒక్కదాన్నే ఉంచుతుంది. అకౌంట్స్ ఆగుతుంది, కెమెరాలు ఆగుతాయి. మేనేజ్‌మెంట్ వీల్యాన్ కూడా ఆ ట్రంక్ మీదే ఉంటే మీ లాగిన్ కూడా తెగిపోతుంది. హైదరాబాద్‌లో కూర్చుని విజయవాడ బ్రాంచి స్విచ్ మీద కొట్టారనుకోండి, ఇక దిద్దడానికి అక్కడ మనిషి కావాలి. నంబరుకు ముందు "యాడ్" అనే మాట తప్పదు.

దూరపు స్విచ్ ముట్టుకునేముందు "రీలోడ్ ఇన్ 10" ఇవ్వండి. సేవ్ చేయకండి. తెగిపోతే పది నిమిషాల తర్వాత స్విచ్ రీలోడ్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్" కొట్టి, "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్" రెండు కొసలా చూసి, అప్పుడే సేవ్ చేయండి.