ఎన్ని హెచ్‌పీ అండీ?

రావులపాలెంలో ఇంజనంటే పని చేసి తీరాలి. లంకల్లో నీళ్లు తోడాలి, గోదాట్లో పడవ నడపాలి, లేదా అరటి గెలలు వేసుకుని హైవే ఎక్కాలి. అలాంటి ఊళ్లో అరచేతిలో పట్టే ఇంజను కిట్టు పార్సిల్లో తెప్పించుకుని, ఇంట్లో కూర్చుని బిగించే మనిషొకడు తయారయ్యాడు. రిటైరైన బ్యాంకు ఉద్యోగో, ఎరువుల కొట్టు కొడుక్కి అప్పగించి ఖాళీ అయినవాడో అయ్యుంటాడు. అప్పటిదాకా ఫ్యాను రెగ్యులేటరు మార్చడానిక్కూడా మనిషిని పిలిచినవాడే.

పార్సిలు రాగానే భోజనాల బల్ల వర్క్‌షాపైపోతుంది. ఆవకాయ జాడీ వంటింటి గట్టెక్కుతుంది. సూచనల కాగితం నిండా చైనా అక్షరాలు, పక్కన బొమ్మలు. బొమ్మలుంటే చాలంటాడు; అవైనా సరిగ్గా చూడడు. కందిబద్దంత స్క్రూ ఒకటి జారి సోఫా కిందికి దొర్లుతుంది. "ఎవరూ కాలు కదపొద్దు!" అని ఇంటిల్లిపాదినీ ఆపేసి, సెల్‌ఫోను లైటు వేసుకుని నేల మీద బోర్లా పడుకుంటాడు. స్క్రూ దొరికేసరికి అలెన్ కీ కనబడదు.

అతను కట్టేది స్టిర్లింగ్ ఇంజను. డీజిలక్కర్లేదు, ఆవిరక్కర్లేదు. గాజు గొట్టం కొసన స్పిరిట్ దీపం పెడితే లోపలి గాలి వేడెక్కి పిస్టన్ని నెడుతుంది. డిస్‌ప్లేసరనే ఇంకో ముక్క ఆ గాలిని చల్లని వైపుకి తోసేస్తే, గాలి ముడుచుకుని పిస్టన్ వెనక్కొస్తుంది. ఈ రెండూ 90 డిగ్రీల తేడాతో ఆడాలి. ఆ తేడా కుదరకపోతే చక్రం ఊగుతుందే గాని తిరగదు.

మనవాడిది ఊగను కూడా ఊగలేదు.

తప్పు ముందు స్పిరిట్ మీదికి వెళ్లింది, తర్వాత గౌతమి మీంచి వచ్చే గాలి మీదికి. చివరికి ఏ కోనసీమవాడైనా చేసే పనే చేశాడు: కొబ్బరినూనె వేశాడు. తలకీ, తలుపు బందుకీ, సైకిలు చెయినుకీ అదే మందు కదా! అసలు గ్రాఫైట్ పిస్టను గాజులో పొడిగానే జారాలి. నూనె తగిలిందా, అక్కడే అతుక్కుంటుంది. మొత్తం విప్పి, స్పిరిట్‌తో తుడిచి, మళ్లీ బిగించి, చక్రాన్ని వేలితో చిన్నగా తిప్పాడు. టకటకమంటూ అందుకుంది.

పక్కింటాయన్ని కేకేశాడు. ఆయన కొబ్బరితోట రైతు. కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ఎన్ని హెచ్‌పీ అండీ?"

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఈ బుల్లి ఇంజను చిన్న ఎల్ఈడీ బల్బు వెలిగిస్తే గొప్ప. మనవాడు ఆ లెక్కలోకి దిగలేదు.

"దానికోసం కాదండీ ఇది."

"ఆయ్. మరి నీళ్లేమన్నా తోడుద్దాండీ?"

ఈ ప్రశ్న కోసమే అతను చదివిపెట్టుకున్నాడు. "తోడకపోవడవేంటండీ! 1816లో స్కాట్లండ్‌లో రాబర్ట్ స్టిర్లింగ్ అని ఓ పాదిరిగారు దీనికి పేటెంటు తీసుకున్నారు. 1818లో అక్కడి రాతి క్వారీలో నీళ్లు తోడించారు కూడానండీ."

"అలాగాండీ. మనకి కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టేసి, ఏ ఇంజనూ లేకుండానే కాలవల్లో నీళ్లిచ్చేశారు కదండీ" అని ఆయన తోటకి వెళ్లిపోయాడు.

ఇంజను కట్టినందుకు మార్పు రాలేదనలేం. ఇదివరకు బైకు సర్వీసింగుకిచ్చి ఇంటికొచ్చేసేవాడు. ఇప్పుడు పక్కనే నిలబడి పిస్టను గురించి ప్రశ్నలేస్తున్నాడు. మెకానిక్ విసుక్కోడు; కూలి కాస్త పెంచాడంతే.

మీరెవరైనా అతన్ని చూడ్డానికి వెళ్తే స్వీట్లొద్దు, ఒక స్పిరిట్ సీసా పట్టుకెళ్లండి. ఈమధ్య తరచూ కొంటున్నాడని మెడికల్ షాపు కుర్రాడు అతన్ని అనుమానంగా చూస్తున్నాడు.