అతిథి దేవో భవ... ముందు హుండీ!

అరకులో చలి మొదలైతే హోంస్టేలకు పండగే. మా బావ కూడా రెండు గదుల్లో తెల్ల దుప్పట్లు పరిచి, గుమ్మం మీద ‘అతిథి దేవో భవ’ అని రాయించాడు.

దేవుడు శనివారం దిగాడు, ఆదివారం వెళ్లిపోయాడు. ప్రసాదంగా దుప్పటి మీద బొంగు చికెన్ మసాలా, ఫ్యాను కింద గోడ మీద చెప్పు ముద్ర మిగిల్చాడు. చెప్పు అంత ఎత్తుకు ఎలా ఎక్కిందో ఆ దేవుడికే ఎరుక!

ఫోన్ చేస్తే, ‘అది ముందే ఉందండీ’ అన్నాడు. లేదని చూపడానికి ఫొటో కావాలిగా? బావ ఫోన్‌లో సూర్యోదయాలు నలభై ఉన్నాయి, గోడ ఒక్కటీ లేదు.

ఎయిర్‌బీఎన్‌బీలో అయితే చెకౌట్ అయిన 14 రోజుల్లోపే ఆధారాలతో నష్టం అడగాలి. జవాబుకు గెస్టుకు 24 గంటలు. వాడకంలో వచ్చే అరుగుదలకు పైసా రాదు. బావ తేరుకునేసరికి నెల దాటింది.

దెబ్బకు తెలివొచ్చింది. ఇప్పుడు తాళంచెవి కంటే ముందు అయిదు వేల డిపాజిట్టు. ఫొటోలూ తీస్తున్నాడు, గెస్టు వెళ్లాక మాత్రమే! ఆ చెప్పు ముద్రకే ఇప్పటిదాకా ముగ్గురి దగ్గర సున్నం ఖర్చు కోశాడు. సున్నం మాత్రం ఇంకా వేయలేదు. రాబడినిచ్చే గోడను ఎవరు చెరుపుకుంటారు?

గుమ్మం మీద బోర్డు అలాగే ఉంది. గెస్టులకే ఇప్పుడు అర్థమైంది: దేవుడు తాము కాదు, లోపలున్నాయన. హుండీలో వేసింది తిరిగిరాదు!