సందు సవరించు మహాశయుడు

పరదేశమున నేర్చిన విద్యను స్వదేశమున నాచరించుటకు వీలు చిక్కక, కనీసము దానిని నలుగురికి బోధించియైనను కడుపు నింపుకొందమని తిరుగాడు పెద్దమనుషులు మన పక్క నానాటికి పెరుగుచున్నారు. వారిలో నగ్రగణ్యుడు ఇంటిబీరు పండితుడు. ఇతడు ఏటికొకమారు నెలదినముల సెలవుపై అమెరికానుండి కామారెడ్డికి విచ్చేయును. 1978లో ఆ దేశమున వెలసిన చట్టము ననుసరించి వయోజనుడొకడు తన యింట ఏటికి 100 గ్యాలన్ల వరకు బీరు కాచుకొనవచ్చునట. అందులో నితడెంత కాచునో యెంత త్రాగునో మనకేల గాని, త్రాగుటకంటె కాచుటయు, కాచుటకంటె గింజ పట్టించుటయు నితనికి ప్రియతరములని నాలుగు మాటలలో తెలిసిపోవును.

ఇతని మతమున సృష్టి రహస్యమంతయు, బీరుకై మొలకెత్తించి యెండబెట్టిన బార్లీని పట్టు రెండు ఇనుప రోలర్ల నడుమ నుండు ఒక మిల్లీమీటరు సందులో నున్నది. సందు పెద్దదైనచో గింజ పగులక అందలి చక్కెర నీటిలోనికి దిగదు. చిన్నదైనచో పొట్టు నుగ్గునుగ్గై, వడబోత వేళ అంతయు అడుసై గడ్డకట్టి చుక్క జారదు. పొట్టు చెడక, లోని పప్పు మాత్రము నాలుగు వ్రక్కలైననాడే ఆ పొట్టే జల్లెడయై రసమును తేటగా దించును. ఇందులో నబద్ధ మేమియు లేదు. కాని పెండ్లిబంతిలో పప్పు వడ్డించువానిని నిలిపి యీ సంగతి చెప్పుట, చెప్పుచు పప్పు చల్లార్చుట, అటుపై కొలతకు నిదర్శనముగా జేబులోనుండి మెకానిక్కులు వాడు ఉక్కురేకుల గేజిని తీసి విస్తరి యంచున నుంచుట ఈతనికే చెల్లినది.

మొన్నటి సెలవులో ఇతనికి స్వస్థలముననే గింజ పట్టించి చూపవలెనను సంకల్పము కలిగినది. కిరాణా దుకాణపు బార్లీ పనికిరాదు. అది రోగులకు జావ కాచుటకై పొట్టు తీసి నునుపుచేసిన గింజ, మొలకెత్తదు. ఇతడు హైదరాబాదు బేగంబజారు వరకు పోయి, హోమద్రవ్యము లమ్ము చోట పొట్టుయవలను సంపాదించెను. “ఏ హోమమండీ?” యని దుకాణదారు డడిగిన ప్రశ్నకు ఇతడేమి ప్రత్యుత్తర మిచ్చెనో నా కెన్నడును చెప్పలేదు. ఆ యవలను నానబెట్టి, మొలకెత్తించి, మిద్దెపై నెండబెట్టెను. అనుమతి లేనిదే మత్తుపానీయములు చేయరాదని 1968 నాటి ఆబ్కారీ చట్టము శాసించుచున్నది గనుక, పులియబెట్టుట యొక్కటి తక్క తక్కిన క్రతువంతయు జరుపుదునని ఇంటిల్లిపాదికి మాట యిచ్చెను. తాళి కట్టుట యొక్కటి మాని పెండ్లి జరిపించినట్లు!

ఎండిన గింజను సంచి కెత్తి పిండి పట్టు గిర్నికి మోసికొనిపోయెను. అచ్చట రోలర్లు లేవు, రాళ్లున్నవి. క్రింది రాయి కదలదు, పై రాయి తిరుగును. ప్రక్కనున్న చక్రమును త్రిప్పినచో వాటి యెడము హెచ్చుతగ్గు లగును. జొన్నరొట్టె పిండికొక యెడము, మక్కగటకకు మరియొకటి. ఏండ్లతరబడి గిర్ని నడిపిన సేటు రాతి చప్పుడు విని, జారు పిండిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొకమారు నలిపి, ఈ లెక్కలన్నియు తేల్చును. మన పండితుడు మోటారు నాపించి, రాళ్ల నడుమ గేజి దూర్చుటకై వంగెను. దూరలేదు. చక్రము పావుచుట్టు త్రిప్పించెను. అప్పుడు గేజి మరీ వదులుగా దూరెను. మరల వెనుకకు త్రిప్పించెను. వెనుక వరుసలో పదునొకండు సంచులు.

“అన్నా, ఒక్క మిల్లీమీటరు,” అనెను.

“సారూ, గటక లెక్క పట్టాల్నా, రవ్వ లెక్కనా? గది చెప్పుండ్రి సాలు,” అనెను సేటు.

వరుసలో మొదట నున్న ముదుసలి ఎల్లారెడ్డినుండి కామారెడ్డిలోని కూతురింటికి వచ్చినది. తిరిగిపోవుచు మక్కలు పట్టించుకొని సాయంకాలపు బస్సు నందుకొనవలెను. ఆమె యతని సంచిలో చేయి పెట్టి, నాలుగు గింజలను కొరికి చూచి, “నీళ్లు జల్లి తెచ్చినవా బిడ్డా? ఎండుగింజ ఏస్తే పొట్టు పిండై పోతది. జొన్నలైనా గంతే. గిన్ని నీళ్లు జల్లి, జరసేపు మూతబెడితె పొట్టు పొట్టులెక్కనే ఊడ్తది,” అనెను.

పండితుడు మ్రాన్పడిపోయెను. పట్టుటకు ముందు గింజపై నూటికి రెండు పాళ్ల నీరు చిలుకరించి పొట్టును మెత్తపరచుట పెద్ద బీరుశాలలలోని మర్మమని, తన మిత్రబృందమున నలుగురికి మించి యెరుగరని అతడు నమ్మియుండెను. తేరుకొని, గేజిని మడచి జేబులో వేసికొని, చెంబెడు నీళ్లడిగెను. “చెంబెందుకు బిడ్డా, రాళ్లు అంటుకపోతయి. దోసిట్ల జల్లు,” అని ఆమె తన మక్కలను ముందు పోయించుకొనినది.

అరగంట గడచిన పిమ్మట సేటు చక్రమును చేతికందినంత త్రిప్పి యవలను పోసెను. గుడ్డగొట్టమునుండి పొట్టు నిండుగా, పప్పు వ్రక్కలై జారినది. పండితుడు దోసిలి పట్టి చూచుకొనిన తీరు పుత్రోత్సాహమునకు తీసిపోదు. దానిని నీళ్లలో వెచ్చబెట్టి, తీపి రసము దించి, అందరికి నొక గ్రుక్కెడు రుచి చూపించెను. అచ్చటితో చట్టపు హద్దు వచ్చినది. సెలవును ముగిసినది. ఐదు కిలోల పిప్పియు, మిగిలిన రసమును తల్లి కుడితితొట్టిలో పోసినది. వారమునకు ఫోను చేసి అతడు మొట్టమొదట నడిగినది బర్రె తిన్నదా యని. రెండవది, పొట్టేమైన మిగిల్చినదా యని.