మెదడు మోకాల్లో

నేను ఆరడుగుల మూడంగుళాల మనిషిని. ఇందులో నా ప్రయోజకత్వం ఏమీ లేదు, మా నాన్న వైపు నుంచి వచ్చింది. అయినా నేనే కష్టపడి సంపాదించినట్టు ఇన్నేళ్లూ రొమ్ము విరుచుకుని తిరిగాను. మాది కారంపూడి. పల్నాటి యుద్ధం జరిగిన నేల. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు అంటే మా ఊళ్లో పిల్లలకు కూడా ఎవరో కాదు, మనవాళ్లే. బళ్లో నా పొడుగు చూసి ఎవడో "కన్నమదాసు" అన్నాడు. ఆ పేరు అలాగే ఉండిపోయింది. అంతటి వీరుడి పేరు పెట్టించుకున్నాక ఒంట్లో కాస్త పొగరు చేరకుండా ఉంటుందా? ఆ పొగరు దించడానికి పెద్ద యుద్ధమేమీ అక్కర్లేకపోయింది. ఒక పాత ఫియట్ కారు చాలింది.

నా తరం వాళ్లకు చిన్నప్పుడు కార్లంటే రెండే: అంబాసిడర్, ఫియట్. అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మొదలై, 2014లో ఫ్యాక్టరీ మూతపడేదాకా అర్ధశతాబ్దం పైగా తయారైంది. ఫియట్‌ది ఇటలీ పుట్టుక, బొంబాయి కుర్లాలో పెంపకం. ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964లో దాన్ని 1100 డిలైట్‌గా దింపారు. ఆ తరవాత అది ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి పద్మిని అయింది. కంపెనీ వాళ్లు ఎన్నిసార్లు నామకరణం చేసినా మా వైపు మాత్రం అది ఫియట్టే. అంబాసిడర్‌లోంచి ఆఫీసర్లు దిగేవాళ్లు, ఎలక్షన్లప్పుడు నాయకులు దిగేవాళ్లు. ఫియట్‌లోంచి సినిమా హీరో దిగేవాడు. నేను ఎవరి పక్షమో వేరే చెప్పాలా?

మిర్చికి మంచి రేటు పలికిన ఏడాది గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఉంచిన టిక్కీలు అమ్మాను. అప్పులు పోను కాస్త చేతిలో మిగిలింది. డబ్బు మిగిలిందన్న వాసన తగలగానే పాత కోరికలన్నీ లేచి కూర్చుంటాయి. దాచేపల్లిలో మామయ్య వరసాయన తన అంబాసిడర్ ఇచ్చేస్తానని కబురు పెట్టాడు. వెళ్లాను. తలుపు తీసి పట్టుకుని, "కూర్చుని చూడు అల్లుడూ, నీ కాళ్లకు ఈ బండే సరి" అన్నాడు. నేను కూర్చోలేదు. దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇది టాక్సీ బండి కదా మామయ్యా" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. బొంబాయిలో నలుపూ పసుపూ రంగేసుకుని తిరిగే టాక్సీలన్నీ నేను కలలుగనే ఆ ఫియట్లేనన్న సంగతి ఆ నిమిషంలో నాకు తట్టలేదు. 2023 అక్టోబరులో ఆ టాక్సీల్లో చివరిది కూడా రోడ్డు మీంచి తప్పుకుందని పేపర్లో చదివినప్పుడు తట్టింది. అప్పటికి చేతులు కాలాయి.

గుంటూరులో ఒక బ్రోకరు 1978 మోడల్ ఫియట్ చూపించాడు. మీగడ రంగు, మెరిసే బంపర్లు, వెనక చివర్న కొద్దిగా పైకి లేచిన చిన్న రెక్కలు. ఆ రెక్కలు చూసి పడిపోయాను. అయితే గుడ్డిగా కొన్నానని అనుకోకండి. నేను చదువుకున్న మూర్ఖుణ్ణి. జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లాను. రేకు తుప్పు పట్టి పుట్టీతో పూడ్చి రంగేసిన చోట అది అంటుకోదు. తలుపుల కింది అంచులూ చక్రాల మీది వంపులూ దాంతో తడిమి చూశాను. ఇంజన్ నంబరు పుస్తకంలోని నంబరుతో సరిచూశాను. 1089 సీసీ ఇంజన్ స్టార్ట్ చేయించి, సైలెన్సర్ నుంచి నీలంగా పొగ వస్తుందేమో చూశాను. స్టెప్నీ కూడా బయటికి తీయించాను. ఒక్క పని మాత్రం చెయ్యలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు వేసుకోలేదు.

ఎందుకు కూర్చోలేదు? ఇన్నాళ్లూ అడిగినవాళ్లందరికీ "హడావిడిలో మర్చిపోయాను" అని చెప్తూ వచ్చాను. అది అబద్ధం. పట్టనని నాకు తెలుసు. అంబాసిడర్ ఎత్తు సుమారు 1.6 మీటర్లనీ, ఫియట్ మీటరున్నర కూడా లేదనీ అప్పటికే నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. కూర్చుంటే ఆ తెలిసింది కాస్తా నిజమైపోతుంది, బేరం చెడిపోతుంది. అందుకే కూర్చోలేదు. తెలియక చేసిన పని అయితే అమాయకత్వం అనుకుని సరిపెట్టుకోవచ్చు. నాది తెలియకుండా ఉండటానికి చేసిన ప్రయత్నం. బండిని కారంపూడి దాకా బ్రోకరు మనిషి నడిపాడు. నేను పక్కన కూడా కూర్చోలేదు. వెనక స్నేహితుడి బండిలో, ఆ రెక్కలు చూసుకుంటూ వచ్చాను.

మర్నాడు పొద్దున్నే తాళాలు తీసుకుని బయల్దేరాను. ఎడమకాలు లోపల పెట్టాను. ఒళ్లు వంచి తల దూర్చాను. కుడికాలిని చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చుకున్నాను. సీటు పూర్తిగా వెనక్కి జరిపినా రెండు మోకాళ్లూ స్టీరింగ్‌కు అటొకటీ ఇటొకటీ నిలబడ్డాయి. తిన్నగా పోయినంతసేపూ ఇబ్బంది లేదు. మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పితే చెయ్యి చక్రానికీ తొడకూ మధ్య ఇరుక్కుంది. చెయ్యి లాక్కుంటే చక్రం వదలాలి, చక్రం వదిలితే కాలవలోకి పోవాలి. పెడల్స్ ఒకదానికొకటి అంత దగ్గర. నా చెప్పుకు బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి దొరికేవి. చెప్పులు విడిచి నడపడం అలవాటు చేసుకున్నాను. ఎవరైనా చూస్తే కారు మీద భక్తి అనుకునేవాళ్లు. అద్దం పైఅంచు సరిగ్గా నా కళ్లకు అడ్డం. రోడ్డు కనిపించేది, ఆకాశం కనిపించేది కాదు. గుంటూరు సిగ్నల్స్ దగ్గర ఎర్రలైటు పడిందో పచ్చలైటు పడిందో తెలియడానికి గడ్డం స్టీరింగ్‌కు ఆనించాల్సి వచ్చేది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా మాడు కప్పుకు కొట్టుకునేది. నెల తిరక్కుండానే డ్రైవర్ సీటు పైన కప్పు రెక్సిన్ మీద కొబ్బరినూనె మరక రూపాయి బిళ్లంత పడి, తరవాత అప్పడమంత అయింది.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. కొనకముందు చెయ్యాల్సిన పని. పొడుగువాళ్ల బాధలన్నీ ఒక్కటి కాదట. కొందరిది నడుము పైన పొడుగు, వాళ్లకు కావల్సింది సీటు మెత్త నుంచి కప్పు దాకా ఎత్తు. కొందరిది కాళ్ల పొడుగు, వాళ్లకు కావల్సింది సీటు నుంచి పెడల్ దాకా దూరం. మొత్తం ఎత్తు పట్టుకుని కారు ఎంచుకోవడం తెలివితక్కువ. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఫియట్ కంటే కూడా పొట్టి. కాని అందులో కిందికి కూర్చుని కాళ్లు ముందుకు చాపుకుంటారు. ఫియట్‌లోనూ అంబాసిడర్‌లోనూ కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చోవాలి. నిటారు సీటుకు కప్పు ఎత్తుండాలి. అంబాసిడర్‌కు ఉంది, నా ఫియట్‌కు లేదు. మామయ్య ఈ లెక్కలేవీ వేయలేదు. నా కాళ్ల వంక చూసి చెప్పాడు.

పూర్వం డబ్బున్నవాళ్లకు ఈ బాధ లేదు. కంపెనీ దగ్గర ఇంజనూ చక్రాలూ ఉన్న చాసిస్ కొని, పైన బాడీ తమ కొలతలకు కట్టించుకునేవాళ్లు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అలాంటిదే. రేకును అచ్చుల్లో నొక్కి వేలకు వేలు ఒకే కొలతలో తీసే రోజులు వచ్చాక కారు రెడీమేడ్ అయిపోయింది. అప్పుడు కూడా అడిగినవాళ్లకు కొంత దక్కింది. జాగ్వార్ ఈ-టైప్ 1961లో వచ్చినప్పుడు అందాన్ని చూసి లోకం మూర్ఛపోయింది. కాళ్లకు చోటు లేదని కొన్నవాళ్లు మొత్తుకుంటే మరుసటి ఏడాదికల్లా పాదాల దగ్గర రేకు లోతుగా నొక్కి ఇచ్చారు. 1967 లెమాన్స్ పందెంలో అమెరికన్ డాన్ గర్నీ హెల్మెట్ పెట్టుకుంటే ఫోర్డ్ కారు కప్పుకు తగిలేది. తల ఉన్న చోట కప్పు మీద బుడిపె తీయించారు. ఆ బుడిపెతోనే పందెం గెలిచాడు.

బుడిపె సంగతి మా మెకానిక్కుకు చెప్పాను. "పందెం గెలుస్తానంటే చెప్పండి, కొట్టిస్తా" అన్నాడు. అతనికి తోచిన వైద్యం అతను చేశాడు. మొదట సీటులో స్పాంజి సగం తీయించాడు. తల రెండంగుళాలు దిగింది, వెన్నుపూసకు స్ప్రింగులు తగిలాయి. తరవాత సీటు పట్టాలు విప్పి, కొత్త బెజ్జాలు వేసి వెనక్కి బిగించాడు. నా మోకాళ్లకు ఊపిరాడింది, వెనక కూర్చున్న మా అమ్మ మోకాళ్లకు ఆగిపోయింది. ఆపై స్టీరింగ్ చిన్నది వేశాడు. తొడకు తగలడం తగ్గింది. కాని అది పవర్ స్టీరింగ్ కాదు కదా, చక్రం చిన్నదైన కొద్దీ తిప్పడానికి బలం ఎక్కువ పెట్టాలి. కారంపూడి నుంచి మాచర్ల పోయొస్తే భుజాలు పట్టేసేవి. ఇంట్లో మా ఆవిడ, "సీటు మొత్తం తీసేసి పీట వేసుకోండి, బాధ పోతుంది" అంది. నేను కోప్పడ్డాను. తరవాత నిజంగానే పీట ఎత్తు కొలిచాను.

ఇంత జరిగినా బయట మాత్రం గొప్పలు తగ్గలేదు. కనిపించిన ప్రతివాడికీ "వింటేజ్ కారు" అని చెప్పేవాణ్ణి. కేంద్రం 2021లో తెచ్చిన రూలు ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి యాభై ఏళ్లు నిండాలి. అలా రిజిస్టర్ చేయిస్తే రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే తీయాలి. నాది 1978 మోడల్, ఆ హోదా లేదు. అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాల్సిన మామూలు పాత బండి. ఆ సంగతి తెలిసిన మా బావమరిది నలుగురిలో అననే అన్నాడు. నేను వినబడనట్టు నటించాను.

కార్తీక అమావాస్యకు మా ఊళ్లో వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులు. ఎక్కడెక్కడి నుంచో ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని వస్తారు. నాగులేటి ఒడ్డున కాలు పెట్టడానికి చోటుండదు. మందపోరు రోజున బ్రహ్మనాయుడి చాపకూడు, కులం చూడకుండా అందరూ ఒకే బంతిలో తింటారు. ఆ రోజే వీర్లగుడి దాకా కారులో పోవాలని నాకు బుద్ధి పుట్టింది. నడిచిపోతే అయిదు నిమిషాలు. జనంలో బండి ఇరుక్కుంది. రివర్స్ చేద్దామని స్టీరింగ్ పూర్తిగా తిప్పాను, చెయ్యి మళ్లీ తొడ మీద బిగిసింది, ఇంజన్ ఆగింది. దిగి తోయించుకోక తప్పలేదు. తలుపు తీశాను. ముందు కాలు బయట పెట్టాను, తల రాలేదు. కాలు లోపలికి తీసుకుని తల బయటికి పెట్టాను, మోకాలు స్టీరింగ్ కింద పట్టేసింది. చివరికి రెండు చేతులూ నేల మీద ఆనించి, ఒళ్లంతా ఈడ్చుకుంటూ వచ్చాను. ఎవరి మనవడో, ఏడెనిమిదేళ్లవాడు, గట్టిగా అరిచాడు: "ఒరేయ్, కన్నమదాసు తాత కార్లోంచి పుడుతున్నాడ్రా!"

ఆ తరవాత డ్రైవింగ్ మా ఆవిడకు అప్పగించాను. అప్పగించానంటున్నాను గాని ఆమె లాక్కుంది. అయిదడుగుల మనిషి, నరసరావుపేటలో నేర్చుకుంది. ఆ కారు ఆమె కోసం చేసినట్టే ఉంటుంది. ముందు సీటు మొత్తం ఒకటే బల్ల కాబట్టి ఆమె ముందుకు జరిపితే నా వైపూ జరుగుతుంది, మోకాళ్లు డాష్‌బోర్డుకు తగులుతాయి. అందుకని వెనక కూర్చుంటున్నాను. సీటు ముందుకు జరిగింది కనక ఇప్పుడు అక్కడ బోలెడు చోటు. ఏటవాలుగా జారగిలబడితే తలకూ ఢోకా లేదు. ఊళ్లోవాళ్లు దారిలో ఆపి నన్ను పలకరించరు. "అమ్మా, బండి ఎంత ఇస్తుంది లీటరుకు?" అని ఆమెనే అడుగుతారు.

నన్ను చూసి పొడుగువాళ్లు సలహాకు వస్తున్నారు. వాళ్లకు చెప్పేది ఒకటే. రోజూ వేసుకునే చెప్పులతో, తలుపు మూసి, అరగంట డ్రైవర్ సీట్లో కూర్చోండి. స్టీరింగ్ అటు కొసకూ ఇటు కొసకూ తిప్పండి. మూడు పెడల్సూ విడివిడిగా తొక్కండి. దిగండి, మళ్లీ ఎక్కండి. అమ్మేవాడు నవ్వితే నవ్వనివ్వండి. మామయ్య లాంటివాడు పక్కనుంటే ఆయన మాట వినండి. దాచేపల్లి అంబాసిడర్ అప్పుడే వేరేవాళ్లు కొనుక్కుపోయారు.

మొన్న నరసరావుపేటలో పాత కాంటెస్సా ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలిసింది. నాలుగున్నర మీటర్లు దాటిన కారు. ఫోన్ చేసి మోడల్ కనుక్కున్నాను, రంగు కనుక్కున్నాను. ఫొటోలు పంపమంటే నాలుగు పంపారు, నాలుగూ బయట నుంచి తీసినవే. చాలా బాగుంది. లోపల ఎంత చోటుందో మాత్రం ఇంకా అడగలేదు.